కాలి మీద నమ్మకం పోయిన ఏసీ మెకానిక్: చీలమండ లిగమెంట్‌కు కీహోల్ సర్జరీ చేసిన ఒక కేసు

చీలమండ బయటివైపు లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే పట్టీ) తెగి, ఏళ్ల తరబడి కాలు మడత పడుతూనే ఉన్నవాళ్లు హైదరాబాద్‌లోని మా ఓపీకి తరచుగా వస్తుంటారు. అన్ని కేసులూ రాయాల్సిన పని లేదు. ఈ ఒక్కటి ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను చేసిన పొరపాట్లు రెండూ ఆపరేషన్ థియేటర్ బయటే జరిగాయి. ఒకటి ఫిజియోథెరపీ చీటీ రాసినప్పుడు, రెండోది ఆపరేషన్ గురించి రోగితో మాట్లాడినప్పుడు. రోగి అనుమతితోనే రాస్తున్నాను. అతన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ముప్పై దాటిన మనిషి. ఏసీ మెకానిక్. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. సంపాదన అతనిదొక్కడిదే. మార్చి నుంచి జూన్ దాకా సీజన్‌లో రోజుకు ఆరేడు ఇళ్లు తిరుగుతాడు. చలికాలంలో గీజర్లు, ఫ్రిజ్‌లు చూసుకుంటాడు. ఔట్‌డోర్ యూనిట్ బాల్కనీ బయట గోడకో, సజ్జా మీదో ఉంటుంది కాబట్టి నిచ్చెన ఎక్కక తప్పదు. కింద నేల మీద ఉంటే దాని ముందు గొంతుక్కూర్చుని పని చేయాలి. ఈ రెండూ, నిచ్చెన, గొంతుక్కూర్చోవడం, ఈ కేసు మొత్తంలో మళ్లీ మళ్లీ వస్తాయి.

నా దగ్గరికి రావడానికి రెండున్నరేళ్ల ముందు నిచ్చెన దిగుతూ, ఇంకో మెట్టు ఉండగానే నేల వచ్చేసిందనుకుని కాలు దించాడు. కుడి పాదం కింద పడి ఉన్న పైపు ముక్క మీద పడి లోపలికి మడత పడింది. ‘టప్’మని శబ్దం వినిపించిందట. సాయంత్రానికి చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. దగ్గర్లోని ఒక ఆసుపత్రికి వెళితే ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని, ‘బెణుకే’ అని చెప్పి, క్రేప్ బ్యాండేజ్ చుట్టి, ఐదు రోజుల నొప్పి మాత్రలు ఇచ్చి పంపారు.

ఎక్స్‌రే తీయడంలో తప్పు లేదు. 1992లో కెనడాలోని ఒట్టావాలో వైద్యులు రూపొందించిన నియమాలను మేం ఇప్పటికీ వాడతాం. గాయమైన వెంటనే, ఆసుపత్రిలో కూడా నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముకల వెనక అంచున గానీ కొసన గానీ నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయాలని అవి చెబుతాయి. ఇతను నాలుగు అడుగులు వేయలేకపోయాడు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ‘బెణుకే’ అన్న మాటలోని ఆ చివరి ‘ఏ’ దగ్గర. ఎముక బాగుంటే ఇంకేం కాలేదన్నట్టు వినిపిస్తుంది. రోగి అలాగే వింటాడు. మనమూ చాలాసార్లు అలాగే అంటాం.

వారం తర్వాత కూడా వాపు తగ్గకపోవడంతో ఇంట్లోవాళ్లు నాటుకట్టు కట్టించారు. వెదురు బద్దలు, గుడ్డు సొన పూసిన గుడ్డ. మూడు వారాలు. ఆ కట్టు పూర్తిగా హాని చేసిందని నేను అనను. కనీసం అతన్ని నిచ్చెన ఎక్కకుండా ఆపింది. కానీ కట్టు విప్పాక చీలమండ బిగుసుకుపోయింది, పిక్క సన్నబడింది. నూనె మర్దన తప్ప ఒక్క వ్యాయామం కూడా ఎవరూ నేర్పలేదు. నెలన్నరకు పనిలోకి వెళ్లాడు. ఆ తర్వాత రెండేళ్లలో కాలు మాటిమాటికీ మడత పడింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బైక్ ఆపి కాలు కింద పెట్టినప్పుడు ఒకసారి. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ఒకసారి. తవ్వి పూడ్చిన రోడ్డు మీద కంకరలో అయితే లెక్కలేదు.

వచ్చిన సమస్య

మార్చి నెల మధ్యలో, సీజన్ మొదలవుతున్న రోజుల్లో, ఎంఆర్‌ఐ రిపోర్ట్ ఫోన్‌లో పట్టుకుని భార్యతో కలిసి వచ్చాడు. రిపోర్ట్‌లో ‘ఏటీఎఫ్‌ఎల్ టేర్’ అని, అంటే చీలమండ బయటివైపు ముందున్న లిగమెంట్ తెగిందని ఉంది. బంధువుల్లో ఒకతనికి మోకాలికి కీహోల్ సర్జరీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) చేస్తే మర్నాడే నడిచాడట. “సార్, రేపే చేసెయ్యుండ్రి. రెండు వారాల్ల పనికి పోవాలె” అన్నాడు.

ఇలాంటప్పుడు నేను రిపోర్ట్ పక్కన పెట్టి ఒక ప్రశ్న అడుగుతాను. నొప్పి ఎక్కువా, కాలు జారిపోవడం ఎక్కువా? రెండూ ఒకటేనని రోగులు అనుకుంటారు. ఒకటి కాకపోవచ్చు. అతను కాసేపు ఆలోచించాడు. “నొప్పి కన్న భయం ఎక్కువ సార్. ఎప్పుడు మడత పడ్తదో తెల్వదు. కాలు మీద నమ్మకం లేదు” అన్నాడు. భార్య అందుకుని, “ఇంట్ల మెట్లు దిగేటప్పుడు గూడ గోడ పట్టుకుంటడు సార్” అంది. మరి నొప్పి ఎప్పుడు వస్తుందని అడిగితే, గొంతుక్కూర్చున్నప్పుడు చీలమండ ముందు, బయటి మూలలో పొడిచినట్టు ఉంటుందని వేలు పెట్టి చూపించాడు.

అలా రెండు సమస్యలు విడిగా తేలాయి. ఎగుడుదిగుడు నేల మీద, నిచ్చెన మీద కాలు జారిపోవడం ఒకటి. గొంతుక్కూర్చుంటే ముందు మూలలో నొప్పి రెండోది. మొదటిది లిగమెంట్ వదులైందని చెబుతోంది. రెండోది కీలు లోపల ఏదో నలుగుతోందని చెబుతోంది. ఎంఆర్‌ఐ రిపోర్ట్‌లో మొదటిదే ఉంది.

చీలమండ బయటివైపు మూడు లిగమెంట్లు ఉంటాయి. ముందున్న ఏటీఎఫ్‌ఎల్, పిక్క బయటివైపు సన్నటి ఎముక ఫిబులా కొస నుంచి, చీలమండ కీలులో ఉండే టేలస్ ఎముకకు వెళుతుంది. మూడింటిలో బలహీనమైనది ఇదే. వేళ్లు కిందికి చాచి పాదం దించినప్పుడు బరువంతా దీని మీదే పడుతుంది. నిచ్చెన దిగేటప్పుడు పాదం ఉండేది సరిగ్గా ఆ భంగిమలోనే. దాని కింద మడమ ఎముకకు వెళ్లే సీఎఫ్‌ఎల్ తర్వాత దెబ్బతింటుంది. వెనక ఉన్న మూడోది తెగడం అరుదు. లిగమెంట్ ఉత్త తాడు కాదు. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు కబురు పంపే నరాల కొసలు అందులో ఉంటాయి. తెగినప్పుడు పట్టుతో పాటు ఆ కబురూ పోతుంది.

పరీక్షలో ముందుగా అతన్ని ప్యాంటు మడిచి నిలబడమని వెనక నుంచి చూశాను. మడమ లోపలికి వంగి ఉంటే లిగమెంట్ ఎంత బాగా కుట్టినా ఆ వంపు దాన్ని మళ్లీ లాగేస్తుంది. అప్పుడు మడమ ఎముకను కూడా సరిచేయాలి. ఇతని మడమ నిటారుగానే ఉంది. తర్వాత ఒంట్లో కీళ్లన్నీ వదులుగా ఉన్నాయేమో చూశాను. బొటనవేలు ముంజేతికి తగలడం, మోచేయి వెనక్కి వంగడం లాంటి తొమ్మిది అంశాల బేటన్ స్కోర్ అతనికి 2, అంటే వదులుగా లేవు. పాదాన్ని ముందుకు లాగి చూస్తే కుడి టేలస్ ఎడమదాని కంటే స్పష్టంగా ముందుకు జారింది, బయటి మూలలో చర్మం సొట్ట పడింది. కీలును ఒత్తి పట్టి తీసే స్ట్రెస్ ఎక్స్‌రేలో టేలస్ వంపు కుడివైపు 14 డిగ్రీలు, ఎడమవైపు 6. పాదాన్ని బయటికి తిప్పే పెరోనియల్ కండరాలు బలహీనంగా ఉన్నాయి. కుడికాలి మీద కళ్లు మూసుకుని నిలబడమంటే నాలుగు సెకన్లు కూడా నిలవలేకపోయాడు. చీలమండ నిలకడను కొలిచే కంబర్లాండ్ ప్రశ్నావళిలో 30కి 11 వచ్చాయి; ఎంత తక్కువైతే నిలకడ అంత తక్కువ.

మొదట చేసింది, అది ఎందుకు ఫలించలేదు

ఆపరేషన్‌కు నేను ఒప్పుకోలేదు. మూడు నెలల ఫిజియోథెరపీ రాశాను. ఎందుకంటే అతనికి ఒక్కరోజు కూడా సరైన పునరావాస చికిత్స అందలేదు. తెగిన లిగమెంట్ వదులుగా ఉన్నా, కండరాలు చురుగ్గా పట్టుకోవడం నేర్చుకుంటే చాలామందికి కాలు మడత పడటం ఆగిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఇలాంటి వారిలో చాలామందికి కత్తి అవసరం రాలేదు. ఆపరేషన్ అవసరమైనా, ముందే శిక్షణ పొందిన కాలు తర్వాత త్వరగా కోలుకుంటుంది. అందుకే ఇది ఆలస్యం కాదని చెప్పాను.

నిర్ణయం సరైనదే. దాన్ని అమలు చేసిన తీరులో తప్పు జరిగింది. వారానికి మూడుసార్లు సెంటర్‌కు రమ్మని, ఇంట్లో రబ్బరు బ్యాండ్‌తో రోజుకు రెండుసార్లు వ్యాయామం చేయమని ప్రింట్ చేసిన కాగితం ఇచ్చాం. మే చివర వచ్చేసరికి అతను సెంటర్‌కు వెళ్లింది నాలుగుసార్లే. రోజుకు 13 గంటలు పని చేసే మనిషి, ఎండలో బైక్ మీద తిరిగే మనిషి, సాయంత్రం ఆరులోపు ఎలా వస్తాడు? ఆ ప్రశ్న నేను మార్చిలోనే వేయాల్సింది. రోగి సహకరించలేదని కేస్ షీట్‌లో రాయబోయి ఆగాను. సహకరించలేనిది నేను రాసిన టైమ్‌టేబుల్.

ఇంకో లోపం కూడా ఉంది. ఆ కాగితంలో ఉన్నవి బలం పెంచే వ్యాయామాలే. నిలకడ గురించి ఏమీ లేదు. నాలుగు సెకన్లు నిలవలేని మనిషికి ముందు కావాల్సింది నిలకడ.

రెండో ప్రయత్నం

జూలైలో, సీజన్ తగ్గాక, మా ఫిజియోథెరపిస్ట్ అతని రోజును పక్కన కూర్చుని అడిగి రాసుకున్నారు. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు కుడికాలి మీద నిలబడాలి. వాష్‌బేసిన్ మీద ఒక వేలు ఆనించి మొదలుపెట్టి, రెండో వారం వేలు తీసేయాలి, నాలుగో వారం మడత పెట్టిన బొంత మీద నిలబడాలి. టీ తాగేటప్పుడు మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగాలి. సెంటర్‌కు ఆదివారం ఒక్కసారి వస్తే చాలు. పని వేళల్లో లేసులు కట్టే చీలమండ బ్రేస్.

పది వారాల తర్వాత కళ్లు మూసుకుని 20 సెకన్లు నిలబడుతున్నాడు. వారానికోసారి మడత పడే కాలు నెలకోసారికి వచ్చింది. ప్రశ్నావళిలో 11 కాస్తా 17 అయింది. కానీ నిచ్చెన మీద పరిస్థితి మారలేదు. రెండు చేతులూ పనిలో ఉండి, పాదం సన్నటి మెట్టు మీద, వేళ్లు కొంచెం కిందికి వాలి ఉన్నప్పుడు చీలమండ జారుతోంది. సెప్టెంబర్‌లో ఒకసారి నిచ్చెన మీద నుంచి జారి గ్రిల్ పట్టుకుని బతికిపోయాడు. గొంతుక్కూర్చుంటే వచ్చే నొప్పి అయితే అసలు తగ్గలేదు.

ఈ దశలో ఒక చిన్న పరీక్ష చాలా చెప్పింది. చీలమండ కీలు లోపలికి 5 మిల్లీలీటర్ల లిగ్నోకెయిన్ (మొద్దుబార్చే మందు) ఇచ్చి, పది నిమిషాల తర్వాత వరండాలో గొంతుక్కూర్చోమన్నాం. మూడేళ్లలో మొదటిసారి నొప్పి లేకుండా పూర్తిగా కూర్చున్నాడు. వెంటనే లాగి చూస్తే టేలస్ అంతే ముందుకు జారింది. అంటే నొప్పి పుట్టేది కీలు లోపల, జారడం లిగమెంట్ వల్ల. మందులో స్టెరాయిడ్ కలపలేదు. కలిపితే కొన్ని వారాలు నొప్పి తగ్గి, అసలు కారణం మరుగునపడేది. పైగా నెలలోపే ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడు కీలులో స్టెరాయిడ్ వేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

ఏ ఆపరేషన్, ఎందుకు

చీలమండ లిగమెంట్‌ను దాని చోటనే బిగించి కుట్టే పద్ధతిని స్వీడన్‌కు చెందిన బ్రోస్ట్రోమ్ 1966లో ప్రచురించాడు. పక్కనే ఉండే ఎక్స్‌టెన్సర్ రెటినాక్యులమ్ అనే పట్టీని కూడా దాని మీదకు లాగి కుట్టి బలం ఇవ్వొచ్చని 1980లో గౌల్డ్ చూపించాడు. ఈ రోజుకీ ఎక్కువగా చేసేది దాని రూపాంతరాలే. మారింది లోపలికి వెళ్లే దారి. ముందు నాలుగైదు సెంటీమీటర్ల కోతతో చేసేవాళ్లం. ఇప్పుడు సెంటీమీటర్ కూడా లేని రంధ్రాల గుండా కెమెరాతో చేయొచ్చు. చీలమండ చాలా ఇరుకైన కీలు, దీనికి ఆర్థ్రోస్కోపీ (కీలులోకి స్కోప్ పెట్టి చూడటం) పనికిరాదని 1931లో న్యూయార్క్‌లో బర్మన్ అనే వైద్యుడు రాశాడు. అప్పటి పరికరాల మందం చూస్తే ఆ మాట నిజమే. 1972లో జపాన్‌లో వటనాబే సన్నటి స్కోప్‌తో చీలమండ ఆర్థ్రోస్కోపీ ఫలితాలు ప్రచురించాక దారి తెరుచుకుంది.

నా ముందున్న దారులు మూడు. కోతతో బ్రోస్ట్రోమ్. కెమెరాతో బ్రోస్ట్రోమ్. లేదా తొడ నుంచి స్నాయువు తీసి కొత్త లిగమెంట్ వేయడం. మూడోది లిగమెంట్ మిగలనివాళ్లకు, ఒళ్లంతా కీళ్లు వదులుగా ఉన్నవాళ్లకు, ఒకసారి కుట్టింది మళ్లీ తెగినవాళ్లకు. ఇతనికి అక్కర్లేదు. మొదటి రెండింటి మధ్య, ఇప్పటిదాకా వచ్చిన పోలికల్లో చివరి ఫలితం దాదాపు సమానం. నేను కెమెరా వైపు మొగ్గింది కోత చిన్నదని కాదు. గొంతుక్కూర్చుంటే వచ్చే నొప్పికి కారణం కీలు లోపలే ఉందని ఇంజెక్షన్ చెప్పింది కాబట్టి ఎలాగూ లోపలికి చూడాలి. అదే రంధ్రాల గుండా లిగమెంట్ పనీ చేయగలిగితే రెండు పనులూ ఒకేసారి తీరతాయి.

లిగమెంట్ మరీ పలచబడి ఉంటే కోత పెట్టి చేస్తానని ముందే చెప్పి, రెండింటికీ సంతకం తీసుకున్నాను. దారాన్ని ఎముకలో పట్టి ఉంచే మేకుల్లాంటి యాంకర్ల ఖర్చు విడిగా చెప్పాను. లిగమెంట్ మీద సూచర్ టేప్ (బలం కోసం వేసే గట్టి పట్టీ) కూడా వేయించుకుంటే త్వరగా పనికి వెళ్లొచ్చని అతను యూట్యూబ్‌లో చూశాడు. టేప్ నేనూ వాడతాను, బరువు ఎక్కువున్నవాళ్లకు, కీళ్లు వదులుగా ఉన్నవాళ్లకు. కొంచెం ఎక్కువ బిగిస్తే కీలు కదలిక తగ్గుతుంది. రోజంతా గొంతుక్కూర్చుని పని చేసే మనిషికి ఆ కదలికే జీవనాధారం. పైగా ఖర్చు. వద్దన్నాను.

తేదీ విషయంలో ఈసారి ముందే ఆలోచించాను. అక్టోబర్ చివర చేస్తే మార్చి మధ్యకు నాలుగున్నర నెలలు అవుతాయి. నేల మీద పనులకు అది సరిపోతుంది. నిచ్చెనకు ఆరు నెలలు పట్టొచ్చని, సీజన్ మొదటి నెలన్నర నిచ్చెన ఎక్కడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకోవాలని భార్యాభర్తలిద్దరికీ చెప్పాను.

ఆపరేషన్

వెన్నుకు మత్తు, తొడకు రక్తప్రవాహం ఆపే పట్టీ (టోర్నికే), వెల్లకిలా పడుకోబెట్టాం. ముందుగా పెన్నుతో ఒక నరాన్ని గుర్తించాను. పాదాన్ని కిందికి, లోపలికి వంచి నాలుగో వేలు మడిస్తే సూపర్‌ఫీషియల్ పెరోనియల్ నరం కొమ్మ చర్మం కింద దారంలా కనిపిస్తుంది. బయటివైపు రంధ్రం పెట్టేది దాని పక్కనే. ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా దెబ్బతినే నిర్మాణం అదే. కత్తితో చర్మం మాత్రమే కోసి, లోపలి పొరలను మస్కిటో ఫోర్సెప్స్‌తో విడదీస్తూ వెళ్లాను.

కీలును సెలైన్‌తో ఉబ్బించి, టిబియాలిస్ యాంటీరియర్ స్నాయువు పక్క నుంచి కెమెరా పెట్టగానే నొప్పికి కారణం కనిపించింది. బయటి ముందు మూలలో వాచిన పొరలు, వాటి మధ్య దళసరి మచ్చ కణజాలం ఒక పట్టీలా వేలాడుతోంది. పాదాన్ని పైకి వంచితే ఆ పట్టీ టేలస్‌కూ మోకాలి కింది పెద్ద ఎముక టిబియాకూ మధ్య నలుగుతోంది. గొంతుక్కూర్చున్న ప్రతిసారీ లోపల జరుగుతున్నది అదే. పాత బెణుకుల తర్వాత ఇలాంటి పట్టీ ఏర్పడుతుందని, అది మోకాలిలో ఉండే మెత్తటి దిండు లాంటి మెనిస్కస్‌లా ఉంటుందని వోలిన్ 1950లోనే వర్ణించాడు. ఎంఆర్‌ఐలో ఇది తప్పిపోవడం కొత్తేమీ కాదు. షేవర్‌తో తీసేశాను. టేలస్ మీద కార్టిలేజ్ (ఎముకను కప్పే నున్నటి పొర) ఒకచోట మెత్తగా ఉంది గానీ ఊడలేదు. దాని జోలికి పోలేదు. గట్టిగా అతుక్కుని ఉన్నదాన్ని గీకి కొత్త సమస్య తెచ్చుకోకూడదు.

ఏటీఎఫ్‌ఎల్ ఫిబులా వైపు ఊడి, కిందికి జారి అతుక్కుని ఉంది. పలచబడింది గానీ కుట్టు పట్టేంత ఉంది. ఫిబులా మీద అది ఉండాల్సిన చోటును గీకి రక్తం ఊరేలా చేసి, రెండు యాంకర్లు దించాను. ఒక్కటి చాలని వాదించేవాళ్లున్నారు. నిచ్చెన మీద నిలబడాల్సిన చీలమండకు ఒక్క దారం మీద ఆధారపడటం నాకు ఇష్టం లేకపోయింది. దారాలను లిగమెంట్ గుండా, రెటినాక్యులమ్ గుండా తీసి, పాదాన్ని సమంగా, కొంచెం బయటికి తిప్పి పట్టుకుని ముడి వేశాం. సీఎఫ్‌ఎల్‌ను విడిగా కుట్టలేదు. ఏటీఎఫ్‌ఎల్ కింది పాయ, సీఎఫ్‌ఎల్ పరస్పరం కలిసే ఉంటాయని ఇటీవలి శరీర నిర్మాణ పరిశీలనలు చూపించాయి. మొదటిది బిగిస్తే రెండోదానికీ కొంత పట్టు వస్తుంది. ముడి వేశాక లాగి చూస్తే టేలస్ ఎడమకాలితో సమానంగా ఆగింది. పాదం పూర్తిగా పైకి వంగుతోందని చూసుకున్నాకే టోర్నికే వదిలాం.

తర్వాత వచ్చిన రెండు చిక్కులు

రెండు వారాలు స్లాబ్ (సగం పిండికట్టు), కాలు నేల మీద మోపకూడదు. ఆ తర్వాత ఆరో వారం చివరిదాకా చీలమండను కదలకుండా పట్టే వాకర్ బూట్‌తో నడక. ఇదీ పథకం.

కుట్లు విప్పిన రోజునే పాదం పైభాగంలో, మూడు నాలుగు వేళ్ల వైపు తిమ్మిరి ఉందని చెప్పాడు. నరం తెగలేదు, స్పర్శ తెలుస్తోంది. నరాన్ని గుర్తించి, జాగ్రత్తగా వెళ్లినా, రెటినాక్యులమ్‌ను లాగి ముడి వేసినప్పుడు కొమ్మ మీద ఒత్తిడి పడి ఉంటుందని నా అంచనా. ముడి వేసే ముందు దారం కింద నరం లేదని ఇంకోసారి తడిమి చూసుకునే అలవాటు ఆ కేసు తర్వాతే మొదలుపెట్టాను. అతనికి దాపరికం లేకుండా చెప్పాను. చాలావరకు నెలల్లో తగ్గుతుందని, కొంచెం మిగిలిపోవచ్చని కూడా.

రెండో చిక్కు పెద్దది. ఐదో వారంలో, డిసెంబర్ మొదట్లో, పాత కస్టమర్ గీజర్ ఫిట్ చేయమని ఫోన్ చేస్తే బూట్ ఇంట్లో విప్పేసి, చెప్పులు వేసుకుని, లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో మూడో అంతస్తు ఎక్కి, స్టూల్ మీద నిలబడి పని చేశాడు. రాత్రికి చీలమండ ఉబ్బిపోయింది. పొద్దున్నే వచ్చాడు. మెల్లగా లాగి చూస్తే పట్టు గట్టిగానే ఆగుతోంది. అల్ట్రాసౌండ్‌లో లిగమెంట్ తెగకుండా ఉంది, చుట్టూ నీరు చేరింది. బూట్ మళ్లీ వేసి, దాన్ని ముందు అనుకున్నదాని కంటే రెండు వారాలు ఎక్కువ వేసుకోమన్నాను.

కోపం వచ్చిన మాట నిజం. ఎందుకు చేశావని అడిగాను. “సార్, కుట్లు విప్పిన్రు గద. పైన అంత మానింది. నొప్పి లేదు. లోపల గూడ మానిందనుకున్న” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కోత చిన్నది, త్వరగా మానుతుందని ఆపరేషన్‌కు ముందు మేమే రెండుసార్లు చెప్పాం. మేమన్నది చర్మం గురించి, అతను విన్నది కాలు గురించి. పెద్ద కోత ఉన్నవాళ్లకు ఆ మచ్చ, ఆ వాపు, ఆ నొప్పి రోజూ గుర్తుచేస్తాయి. ఇతనికి గుర్తుచేసేది ఏదీ లేదు. లిగమెంట్ ఎముకకు అతుక్కోవడానికి కనీసం ఆరు వారాలు, ఆ అతుకు బరువు మోసేంత గట్టిపడటానికి నెలలు పడతాయి. చర్మం మీద కోత ఎంత ఉన్నా ఆ కాలం మారదు.

అప్పటి నుంచి డిశ్చార్జ్ రోజున నేను చేసేది వేరు. కెమెరాలో తీసిన రెండు ఫొటోలు ప్రింట్ తీసి ఇస్తాను. ఒకటి ఊడిన లిగమెంట్, ఇంకోటి కుట్టిన తర్వాత. పక్కన పెన్నుతో తేదీలు రాస్తాను: చర్మం మానే తేదీ, బూట్ తీసే తేదీ, నిచ్చెన ఎక్కే తేదీ. ఆ మాటలు రోగితో పాటు ఇంట్లో అతన్ని ఆపగలిగే మనిషికి కూడా చెబుతాను. ‘చిన్న ఆపరేషన్’ అనే మాట వాడటం మానేశాను. ‘చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్’ అంటున్నాను. మా నర్సులు, ఫిజియోథెరపిస్ట్ కూడా అలాగే అంటున్నారు.

ఫలించినది

ఎనిమిదో వారం నుంచి పాత పద్ధతి మళ్లీ మొదలైంది. వాష్‌బేసిన్ దగ్గర ఒంటికాలు, మడత పెట్టిన బొంత, టీ తాగుతూ మునివేళ్లు. అతనికి అలవాటే కాబట్టి కొత్తగా నేర్పాల్సి రాలేదు. ఆపరేషన్‌కు ముందు చేసిన పది వారాల శిక్షణ విలువ ఇక్కడ తెలిసింది. కళ్లు మూసుకుని నిలబడటంలో పాత స్థాయికి మూడు వారాల్లో వచ్చాడు. గొంతుక్కూర్చోవడం పన్నెండో వారానికి పూర్తిగా వచ్చింది, నొప్పి లేదు.

నాలుగో నెలలో ఫిజియోథెరపిస్ట్ సెంటర్‌లోకి ఒక అల్యూమినియం నిచ్చెన తెప్పించారు. మొదటి మెట్టు మీద, రెండు చేతులతో పట్టుకుని. తర్వాత ఒక చేత్తో. తర్వాత రెండు చేతుల్లోనూ స్పానర్ పెట్టి, పై గోడకు బిగించిన బోల్ట్ తిప్పుతూ. పాదం ముందు భాగం కాకుండా మధ్య భాగం మెట్టు మీద ఉండేలా చూశారు. దిగేటప్పుడు నేల ముందు చూసి, తర్వాత కాలు పెట్టడం. చదవడానికి చిన్న విషయంలా ఉంటుంది. అతని మొదటి గాయం సరిగ్గా అక్కడే అయింది. అతని పని ఏమిటో మార్చిలో మొదటిసారి వచ్చినప్పుడే నాకు తెలుసు. నిచ్చెనను చికిత్సలో భాగం చేయాలని తట్టడానికి పదకొండు నెలలు పట్టింది.

మార్చిలో నేల మీద పనులకు వెళ్లాడు, నిచ్చెన ఎక్కడానికి తమ్ముణ్ణి వెంట పెట్టుకున్నాడు. మే మొదటి వారంలో తనే ఎక్కాడు, బ్రేస్ వేసుకుని.

ఏడాది తర్వాత

చివరిసారి చూసినప్పుడు ఆపరేషన్ అయి పన్నెండు నెలలు. ఈ కాలంలో కాలు ఒక్కసారి కూడా మడత పడలేదు. ప్రశ్నావళిలో 30కి 26. స్ట్రెస్ ఎక్స్‌రేలో టేలస్ వంపు 7 డిగ్రీలు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశాడా అని అడిగితే భార్య నవ్వి, “మర్చిపోయిండు సార్” అంది. తనే నమ్మలేనట్టు అతను ఆమె వైపు చూశాడు.

నిచ్చెన ఎక్కేటప్పుడు బ్రేస్ ఇంకా వేసుకుంటున్నాడు. తీసేయమని నేను చెప్పలేదు. నాలుగో వేలి మొదట్లో రూపాయి బిళ్లంత చోట స్పర్శ ఇంకా మొద్దుగానే ఉంది. పెన్నుతో దాని చుట్టూ గీత గీసి, ఫొటో తీసి కేస్ షీట్‌లో పెట్టాను. ఆరు నెలల తర్వాత వచ్చినప్పుడు ఆ గీతతో మళ్లీ పోల్చి చూస్తాను.